సమ్మెలో ఉన్న సంతకం

సాయంత్రం నాలుగు గంటలలోపు ఇన్‌స్పెక్టర్ సామేలు చేయాల్సిన పనులు ఆరు. నోటుబుక్కులో వరసగా రాసుకున్నాడు.

ఒకటి, పంచనామా మళ్ళీ చదవాలి. చదివేటప్పుడు కోపం తెచ్చుకోకూడదు.

రెండు, ప్రొఫెసర్ హెలెన్ గారి రిజిస్టరు చూడాలి.

మూడు, వెనక గేటు దగ్గర నేల చూడాలి.

నాలుగు, తహసీల్దారు బుచ్చిరాములును కలిసి, మంగళవారం పదకొండూ నలభైకి ఎక్కడున్నారో అడగాలి.

ఐదు, మాణికేశ్వర్ నగర్ వెళ్ళి, లచ్చవ్వకు మందు ఇంకా ఎన్ని రోజులకు ఉందో కనుక్కోవాలి.

ఆరు, రిపోర్టు రాసి మేజిస్ట్రేటు గారి బెంచి క్లర్కు చేతిలో పెట్టాలి.

"ఐదోదానికీ కేసుకూ ఏం సంబంధమయ్యా?" అని పొద్దున్నే డీఎస్పీ నోటుబుక్కులోకి తొంగి చూసి అడిగాడు.

"దారిలనే గద సార్" అని ఊరుకున్నాడు సామేలు.

జరిగిన సంగతి ఇది. రెండు వేల పదకొండు అక్టోబరు పదకొండు, మంగళవారం. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై అప్పటికి ఇరవై తొమ్మిదో రోజు. విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం మీద పరిశోధన చేస్తున్న సుదర్శన్ అనే యువకుడు మాణికేశ్వర్ నగర్ వైపున్న వెనక గేటు దగ్గర పోలీసు స్పెషల్ స్క్వాడ్‌కు చిక్కాడు. చొక్కా కింద నడుముకు కట్టుకున్న పొట్లంలో కిలో నూట యాభై గ్రాముల గంజాయి దొరికిందని స్క్వాడ్ ఇన్‌స్పెక్టర్ రత్నకుమార్ పంచనామాలో రాశాడు. కిలో లోపయితే ఆరు నెలలు. కిలో దాటితే పదేళ్ళదాకా. ఆ నూట యాభై గ్రాములు ఎంత శ్రద్ధగా తూచారో సామేలుకు చదవగానే అర్థమైంది.

మనిషి ఒంటిని వెతికేటప్పుడు, అతను కోరితే గెజిటెడ్ అధికారి ఎదుట వెతకాలని చట్టం. సుదర్శన్ కోరాడట. తహసీల్దారు బుచ్చిరాములు వచ్చాడట. పదకొండూ నలభైకి ఆయన కళ్ళెదుటే పొట్లం విప్పారట. కింద ఆయన సంతకం ఉంది, పక్కన గుండ్రటి ఆఫీసు సీలు ఉంది.

మర్నాడు రిమాండుకు తెచ్చినప్పుడు సుదర్శన్ తరఫున వకీలు లేడు. వకీళ్ళూ కోర్టులను బహిష్కరించారు. అతనే నోరు తెరిచి, "సార్, నేను లచ్చవ్వకు మందు ఇయ్య పోతుంటి. ఆ దినం గాడికి ఏ తహసీల్దారూ రాలే" అన్నాడు. మేజిస్ట్రేటు తలెత్తి చూశాడు. వేరే అధికారితో విచారణ చేయించి గురువారం నాలుగింటిలోపు నివేదిక ఇవ్వాలని ఒక్క వాక్యం రాశాడు. ఆ వాక్యం సీఐడీకి చేరి, అక్కణ్ణుంచి సామేలు నెత్తిన పడింది. ఇక్కడి మనిషి కాబట్టి క్యాంపస్‌లో అతనితో మాట్లాడతారని డీఎస్పీ లెక్క.

మాట్లాడనే మాట్లాడారు. గేటు దగ్గర బైకు ఆపి పేరు చెప్పగానే ఒక కుర్రాడు నవ్వాడు. "అన్నా, యాస మనదే ఉన్నది. మరి గా బెల్టేంది? ఇంకా తియ్యలే?"

సామేలు బైకు ముందుకు పోనిచ్చాడు. వాళ్ళ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి అతనే. ఆ బెల్టు జీతం మీదే ఊళ్ళో ఇద్దరు చెల్లెళ్ళ పిల్లలు బడికి పోతున్నారు. గేటు దగ్గర నిలబడి చెప్పుకునే మాటలు కావవి.

తొమ్మిదీ నలభైకి అతను వృక్షశాస్త్ర విభాగం వెనక, ఆకు ఆరబెట్టే గదిలో ఉన్నాడు. ప్రొఫెసర్ హెలెన్‌కు యాభై అయిదేళ్ళుంటాయి. గుంటూరు వైపు నుంచి వచ్చిన ఉపాధ్యాయుల కుటుంబం. సుదర్శన్ పరిశోధనకు ఆమే గైడు. పాత న్యూస్‌పేపర్ల మధ్య పరిచిన ఆకుల్ని ఒక్కొక్కటిగా తిరగేస్తూనే మాట్లాడింది.

"ఇరవై మొక్కలకు అనుమతి వచ్చిందండీ. రెండేళ్ళ నాలుగు నెలలు తిరిగితే. ఎక్సైజు, హోమ్, ఆరోగ్యం, మళ్ళీ ఎక్సైజు. చట్టం దృష్టిలో గంజాయి అంటే పూత పట్టిన కొసలు. ఆకు విడిగా ఉంటే గంజాయి కాదు. అది ఎక్సైజు పర్మిట్ కింద నడుస్తుంది. మేం పూత కనిపించగానే కొసలు కోసి, ఎక్సైజు వాళ్ళ ఎదుట కాల్చేస్తాం. ఆకు మాత్రం ఆరబెట్టి, నెయ్యిలో వేయించి, పొడి చేస్తాం. క్యాన్సర్ మందు ఎక్కించుకున్నాక వాంతులు తగ్గుతున్నాయా, అన్నం సయిస్తుందా అని చూస్తాం. అంతే మా స్టడీ."

"ఎంతమందికి ఇస్తున్నరు మేడమ్?"

"పదకొండు మందికి. అంతకే అనుమతి. పన్నెండో ఆమె వచ్చి, ఇక్కడే ఆ స్టూలు మీద కూర్చుని ఏడ్చి వెళ్ళిపోయింది. ఆమెకు డాక్టరు చీటీ ఉంది. చీటీ పట్టుకుని ఎక్కడికి వెళ్ళాలో మాత్రం ఏ చట్టంలోనూ లేదు. ఉత్తరాదిన కొన్ని రాష్ట్రాల్లో సర్కారు లైసెన్సుతో భంగు దుకాణాలే ఉన్నాయి. పండక్కి తాగొచ్చు. ఇక్కడ కక్కుకునేవాళ్ళకు చెంచాడు పొడి ఇవ్వాలంటే నా మీద నాలుగు శాఖలు."

సామేలు రిజిస్టరు తెరిచాడు. సుదర్శన్ చేతిరాత గుండ్రంగా, తప్పుల్లేకుండా ఉంది. పదకొండో తేదీ. ఏడో నంబరు, లచ్చవ్వ, అరవై గ్రాముల ఆకు, బ్రౌన్ కవరు. గదిలోంచి బయటికి వెళ్ళిన సమయం పదీ యాభై.

"అరవై గ్రాములు" అన్నాడు సామేలు. "కిలో నూట యాభైలో ఈ అరవై యాడ పోయింది?"

జేబులోంచి స్క్వాడ్ తీసిన ఫోటో ఇచ్చాడు. ఇటుకలా నొక్కి గట్టిపడిన గంజాయి ముద్ద. హెలెన్ కళ్ళజోడు పైకి నెట్టి చూసింది.

"ఇందులో గింజలున్నాయండీ."

"ఉంటే?"

"మా మొక్కలు గింజ కట్టేదాకా ఉండవు. ఆగస్టులోనే కొసలు పోయాయి. ఇది మా తోటది కాదు. బలంగా నొక్కి మూట కట్టి లారీల్లో దూరం తెచ్చే సరుకు ఇలా ఉంటుందని మీకు నాకన్నా బాగా తెలియాలి."

సామేలుకు తెలుసు. అలాంటి ముద్దలు పాత కేసుల సరుకు దాచే ప్రతి స్టేషను గదిలోనూ ఉంటాయి.

"ఒకటి అడుగుత మేడమ్, తప్పుగా అనుకోవద్దు. మీ క్వార్టర్ గోడ మీద వెళ్ళిపొమ్మని రాసిన్రని విన్న. మీరు గా పిలగాని కోసం ఇంత కొట్లాడుతున్నరు."

"రాసింది హాస్టలు పిల్లలు. తుడిచింది సుదర్శన్. తుడిచి, చేతులు కడుక్కుని, వాళ్ళతో పాటే ధర్నాకు వెళ్ళాడు. వాడి రాష్ట్రం వాడడుగుతున్నాడు. నా గోడ నేనడుగుతున్నాను. మాకేం గొడవ లేదండీ."

తలుపు దగ్గర బూట్ల చప్పుడైంది. రత్నకుమార్ ముగ్గురు కానిస్టేబుళ్ళతో లోపలికొచ్చాడు. సామేలూ అతనూ ఒకే ఏడు శిక్షణ పొందారు. ఒకే గదిలో పడుకున్నారు. ఆ తర్వాత ఒకరికి పతకాలు వచ్చాయి, ఇంకొకరికి బదిలీలు వచ్చాయి.

"బ్రదర్ సామేలూ, ఇక్కడున్నావా? మంచిది. సాక్షిగా ఉంటావు" అంటూ బల్ల మీద ఒక కాగితం పెట్టాడు. "ఈ గదిలో సరుకూ తోటలో మొక్కలూ స్వాధీనం చేసుకుంటున్నాం. ఐదింటికి తగలబెడతాం."

"ఎక్సైజోళ్ళ పని గదా గది?"

"వాళ్ళు సమ్మెలో ఉన్నారుగా. మనం చేయకపోతే ఎవరు చేస్తారు?"

సామేలు కాగితం అందుకున్నాడు. ఈ రోజు తేదీ, అక్టోబరు పదమూడు. కింద బుచ్చిరాములు సంతకం, సీలు. మొదటి పది పంక్తులూ తీరిగ్గా, విడివిడిగా ఉన్నాయి. చివరి మూడు పంక్తులు మాత్రం ఒకదాని మీద ఒకటి ఇరుక్కుని, అక్షరాలు చీమల్లా చిన్నవై, సంతకం నెత్తిన వచ్చి ఆగాయి. సామేలు మంగళవారం పంచనామా తీసి పక్కన పెట్టాడు. అందులో వ్యవహారం తిరగబడింది. రాత ముందే అయిపోయింది. రాతకూ సంతకానికీ మధ్య నాలుగు వేళ్ళ ఖాళీ. రెండు కాగితాల్లోనూ సంతకం ఒకే ఎత్తులో ఉంది. సీలు ఒకే వైపు ఒరిగి ఉంది.

మామూలుగా రాత అయ్యాక దాని కింద సంతకం పెడతారు. ఇక్కడ సంతకం కదలకుండా కూర్చుంది, రాతే దాని కోసం సర్దుకుంది.

"గిది ఎప్పుడు రాయించినవ్ రత్నం?"

"పొద్దున."

"తహసీల్దారు యాడ దొరికిండు నీకు?"

"ఆఫీసులో."

"ఆఫీసుకు నెల దినాల సంది తాళమున్నది."

"మా కోసం తీశారు." రత్నకుమార్ నవ్వు చెదరలేదు. "నీ అనుమానం నాకు తెలుసులే. ఒక మాట చెప్తా విను. నాలుగేళ్ళు నేను గంజాయి పిల్లల్నే పట్టుకున్నాను. పదిహేడేళ్ళవాడు తల్లి మెడలో పుస్తెలు తెంపుకుపోవడం చూశాను. వాళ్ళందరూ మొదట ఆకే అన్నారు. ఈ మేడమ్ గారు మందు అంటారు, ఇంకొకడు పూజ అంటాడు, మరొకడు ఉద్యమం అంటాడు. ఎక్కడో ఒకచోట గీత గీయాలి."

"గీత గియ్యి. కానీ పిలగాని నడుముకు కట్టకు."

కానిస్టేబుళ్ళు నేల చూపులు చూశారు. రత్నకుమార్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "పై వాళ్ళకు క్యాంపస్ నుంచి ఒక్క గంజాయి కేసు కావాలి. ఒక్కటి. రేపు పేపర్లో రావాలి. నువ్వు ఎంత నిజం రాసినా అది ఫైల్లో ఉంటుంది. నాది పేపర్లో ఉంటుంది. నీ పిల్లలకి కాదు, నీ చెల్లెళ్ళ పిల్లలకి ఫీజులు కట్టేది నువ్వే కదా? ఆలోచించుకో."

సామేలు పొద్దున రాసుకున్న మొదటి పని గుర్తు చేసుకుని గొంతు పెంచకుండా అన్నాడు. "నాలుగింటి దాక ఈ విచారణ నా చేతిల ఉన్నది. గందాక గీ గదిల ఒక్క ఆకు కదిలినా, మేజిస్ట్రేటు మాట కాదన్నవని రాస్త. నీ ముగ్గురి పేర్లు గూడ రాస్త."

ముగ్గురిలో ఒకడు అప్పటికే గడప దాటాడు. రత్నకుమార్ ఆ కాగితం తీసుకోబోయాడు. సామేలు దాని మీద చెయ్యి వేశాడు. "గిది నా దగ్గరుంటది."

"ఉంచుకో." రత్నకుమార్ సెల్‌ఫోను తీసి, తెరిచి ఉన్న రిజిస్టరు పేజీని ఫోటో తీసుకున్నాడు. హెలెన్ అడ్డం వచ్చేలోపే అయిపోయింది. "అడ్రసులన్నీ చక్కగా రాశాడు పిల్లాడు" అని, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

పదకొండింటికి సామేలు వెనక గేటు చేరాడు. గది నుంచి నడిస్తే పద్నాలుగు నిమిషాలు. సుదర్శన్ పదీ యాభైకి బయలుదేరి ఉంటే పదకొండూ అయిదుకు ఇక్కడుండాలి. పట్టుకున్నది పదకొండూ ఇరవై అని రాశారు. పదిహేను నిమిషాలు ఎక్కువ.

గేటు కాపలాదారు చంద్రయ్య. కాంట్రాక్టు నౌకరి కాబట్టి సమ్మెకు పోలేదు. అది చెప్పుకోవడానికి అతను సిగ్గుపడ్డాడు.

"మంగళవారం తహసీల్దారు జీపు వచ్చిందా?"

"జీపా? పిలగాండ్లు పది గంటలకే క్లాసుల బెంచీలు తెచ్చి అడ్డం పెట్టిన్రు సార్. ఒంటిగంట దాక తియ్యలే. జీపు కాదు, సైకిల్ గూడ దూరదు. మఫ్టీల నలుగురు పోలీసులు బస్తీ దిక్కు నుంచి నడుసుకుంట వచ్చిన్రు. సుదర్శన్ సారు బెంచీ ఎక్కి దిగంగనే పట్టిన్రు."

"పట్టి?"

"పావుగంట మాట్లాడిన్రు. సేతిల కవరు గుంజుకున్నరు. ఇప్పి సూసిన్రు. ఒకాయన 'ఇది పనికి రాదు' అన్నడు. గంతే, ఇసిరేసిండు. అటెన్క బస్తీ అవుతల ఆపిన బండి దాక నడిపిచ్చుకుంట తోల్కపోయిన్రు. నడుముకేం లేదు సార్. సొక్క లోపటికి దోపుకొని ఉండె. కిలో పొట్లముంటే కడుపుతోటున్నామె లెక్క కనపడడా?"

"యాడ ఇసిరేసిండు?"

చంద్రయ్య మురుగుకాలువ పక్కన తుప్పల వైపు చూపించాడు. సామేలు మోకాళ్ళ మీద కూర్చుని పది నిమిషాలు వెతికాడు. చినిగిన బ్రౌన్ కవరు ఒకటి ముళ్ళకు తగులుకుని ఉంది. మూల మీద అదే గుండ్రటి చేతిరాత. ఏడు, ల, 11-10. కవరు అడుగున గుప్పెడు ఆకు మిగిలింది. మిగతాది బురదలో బూటు అచ్చుల కింద నలిగి ఉంది. అతను వెంట తెచ్చుకున్న సంచిలో కవరు వేసి, చంద్రయ్య చేత సంతకం పెట్టించి, సమయం రాశాడు. పదకొండూ ముప్ఫై ఆరు.

ఆకు పనికిరాదని పారేశారు. అది నేరం కాదని వాళ్ళకూ తెలుసన్నమాట. చట్టం తెలియక చేసిన పని కాదిది. తెలిసి చేసింది.

తార్నాకలో రెవెన్యూ ఉద్యోగుల రిలే దీక్షా శిబిరం దొరకడం కష్టం కాలేదు. దొరికినా, వాళ్ళ సభ అయ్యేదాకా సామేలు టెంటు బయట నిలబడాల్సి వచ్చింది. పోలీసు ప్యాంటు చూసి ఒకాయన, "లాఠీలు బండిల మర్చిపోయినవా సార్?" అని అడిగాడు. ఒంటిగంట దాటాక బుచ్చిరాములు మెడలో బంతిపూల దండతోనే బయటికొచ్చాడు. రిటైర్మెంటుకు మూడేళ్ళున్న మనిషి. మొహంలో అలసట ఉంది గానీ భయం లేదు.

"మంగళవారం పదకొండూ నలభైకి యాడున్నరు సార్?"

"గీడనే తమ్మీ. పొద్దుగాల పదింటికి కూసున్న, అయిదింటికి లేసిన. రిజిస్టర్ల సంతకమున్నది, పేపర్ల ఫోటో ఉన్నది. నేను సమ్మెల ఉండంగ నన్ను డ్యూటీ అడుగుతవేంది?" అని నవ్వాడు.

"మీ ఆఫీసు సీలు?"

"సెప్టెంబర్ పన్నెండు సాయంత్రం బీరువల పెట్టి తాళమేసిన. చావి కలెక్టరేట్ల అప్పజెప్పి రసీదు తీసుకున్న. నా చేతికి మల్ల రాలే."

సామేలు రెండు కాగితాలూ చూపించాడు. "మరి గివి?"

బుచ్చిరాములు మొదటిది చదివాడు. రెండోది సగమే చదివాడు. దండ తీసి చేతిలో పట్టుకున్నాడు. టెంటులోంచి ఎవరో నిమ్మకాయ నీళ్ళకు రమ్మని పిలిస్తే వినిపించుకోలేదు.

"సంతకం నాదే" అన్నాడు చివరికి.

"మీరు రెండు తావుల ఉండరు గద సార్."

"సమ్మెకు పోయే ముందు దినం... ఆ ఒక్క దినమే నలభై కాగితాలు చేసిన తమ్మీ. కులం సర్టిఫికెట్లు, ఆదాయం, పింఛన్లు. మనం టెంట్ల కూసుంటే పేదోల్ల పని ఆగొద్దు, మనల్ని తిట్టుకోవద్దు అని. గప్పుడే గా ఇన్‌స్పెక్టర్ వచ్చిండు. నాలుగైతుండె. 'రేపటి నుంచి మీరు దొరకరు, గెజిటెడ్ సంతకం లేక లాకప్పుల మనుషులు దినాలకు దినాలు పడి ఉంటరు, అందులో మీవాళ్ళే ఎక్కువ' అన్నడు. నిజమే గదా అనుకున్న. ఇరవై తొమ్మిదేండ్ల నౌకరిల ఖాళీ కాగితం మీద సంతకం పెట్టలే. గా దినం పెట్టిన. మంచి చేస్తున్న అనుకొని పెట్టిన."

సామేలుకు ఆయన్ని తిట్టాలనిపించలేదు. తిట్టి ఉంటే కాస్త తేలిగ్గా ఉండేది. తను ఆ కుర్చీలో ఉన్నా అదే చేసేవాణ్ణేమో అనిపించడమే చేదుగా ఉంది.

"రాసియ్యాలె సార్."

"రాసిస్తే సస్పెన్షను. కేసు గూడ. పింఛను సంగతి దేవుడెరుగు." బుచ్చిరాములు టెంటు వైపు చూశాడు. "గది పెద్ద ముచ్చట కాదు. ఉద్యమంల ఉన్న తహసీల్దారు మన పిలగాన్నే జైల్ల ఏపిచ్చిండని అంటరు. రేపటి సంది నా పక్కన ఎవలు కూసుంటరు?"

"ఏమంటరో నాకు తెల్వది సార్. సుదర్శన్ జైల్ల ఉన్నడు. అయిదింటికి మందు కాలబెడ్తరు. పదకొండు మంది దానిమీదనే ఇంత మెతుకు తింటున్నరు. గంతవరకే నాకు తెలుసు."

బుచ్చిరాములు చేతిలో దండ టెంటు తాడుకు తగిలించాడు. తర్వాత సామేలు బైకు సీటు మీద కాగితం పెట్టుకుని తన చేత్తోనే రాశాడు. తన పేరు, హోదా, సంతకాలు పెట్టిన తేదీ, పెట్టించుకున్న మనిషి పేరు. ఇన్నేళ్ళ అలవాటు కొద్దీ మార్జిన్ కూడా వదిలాడు.

"టైం గూడ రాయాల్నా?"

"రాయుర్రి."

ఒకటీ యాభై అని రాశాడు. సామేలు చదువుకుంటూ మూడో పంక్తి దగ్గర ఆగాడు.

"మూడు ఖాళీ కాగితాలు అని రాసిన్రు."

"మూడే ఇచ్చిన."

"నా దగ్గర రెండే ఉన్నయి సార్."

అప్పుడే సామేలు ఫోను మోగింది. హెలెన్. గొంతులో పొద్దుటి నిబ్బరం లేదు.

"సామేలు గారూ, లచ్చవ్వ ఇంటి పక్కవాళ్ళు ఫోను చేశారు. ఇంట్లోకి పోలీసులు వచ్చి వెళ్ళారట."

మాణికేశ్వర్ నగర్‌లో ఆ సందులోకి బైకు పోదు. సామేలు దాన్ని మలుపులో వదిలి పరుగెత్తాడు. రెండూ పన్నెండుకు గడప దగ్గరున్నాడు. చుట్టుపక్కల ఆడవాళ్ళు వాకిట్లో నిలబడి ఉన్నారు. అతన్ని చూసి ఎవరూ దారి ఇవ్వలేదు. పక్కనుంచి దూరాడు.

లచ్చవ్వ మంచం మీద కూర్చుని ఉంది. ఒకప్పుడు ఇళ్ళు కట్టే చోట ఇటుకలు మోసిన మనిషి. కడుపులో క్యాన్సరు ఆమెను సగం చేసింది. ఒడిలో స్టీలు గిన్నె పట్టుకుని ఉంది. గిన్నెలో పచ్చటి నీళ్ళు తప్ప ఏమీ లేవు. ఇంట్లో డబ్బాలన్నీ నేల మీద బోర్లించి ఉన్నాయి.

"మల్లొచ్చిన్రా?" అంది.

"నేను వేరే అవ్వా. నీ మందు సంగతి అడగ వచ్చిన. ఎన్ని దినాలకున్నది?"

"ఐతారం దాక ఉండె కొడుకా. కొద్ది కొద్దిగ మింగుకుంట దాసిన. డబ్బతోటే పట్కపోయిన్రు." గిన్నె మీదికి వంగి, ఓకరించి, మూతి తుడుచుకుంది. "గంత పెద్దాఫీసరు నా మంచం కింద దూరిండు. నా పెనిమిటి బతికున్నప్పుడు గూడ దూరలే."

వాకిట్లో ఒకామె నవ్వబోయి ఆగిపోయింది.

లచ్చవ్వ కుడి బొటనవేలు నల్లగా ఉంది. సామేలు చూపు అక్కడే ఆగింది. "గీ సిరా ఏంది అవ్వా?"

"నాకు సంతకం రాదంటి. ఏలు పెట్టమన్నరు. ఇగ మందు సర్కారే ఇస్తదట, దానికి కార్డు రాస్తున్నమన్నరు. గా కార్డే ఇది" అని దిండు కింద నుంచి మడతపెట్టిన కాగితం తీసి ఇచ్చింది. జాగ్రత్తగా దాచుకుంది, చెమ్మ తగలకుండా.

సామేలు మడత విప్పాడు. కార్బన్ కాపీ. ఇల్లు వెతికిన సమయం ఒకటీ పదిహేను. తహసీల్దారు బుచ్చిరాములు సమక్షంలో, మంచం కింద, గింజలతో కూడిన గంజాయి నాలుగు వందల గ్రాములు. సంతకం అదే ఎత్తులో ఉంది. సీలు అదే వైపు ఒరిగింది. ఒకటీ పదిహేనుకు ఆ సంతకం మనిషి మెడలో దండతో సామేలు ఎదుట నిలబడి ఉన్నాడు. అది రుజువు చేయడానికి సామేలు తానే సాక్షి. ఇక ఈ కేసులో అతను విచారణాధికారి కాదు, సాక్షి. సాక్షి రాసిన రిపోర్టును రత్నకుమార్ తరఫువాళ్ళు కోర్టులో చింపి పోగులు పెడతారు.

కాగితం పైన, పెద్ద అక్షరాల్లో, నిందితులు. ఒకటి, సుదర్శన్. రెండు, లచ్చవ్వ.

"మల్ల నాలుగింటికి వస్తమన్నరు" అంది లచ్చవ్వ. "ఆడ పోలీసును తోలుకొస్తరట. రెండు చీరెలు సర్దుకొమ్మన్నరు. దవఖాన్లనే ఉంచి మందిస్తరేమో. అవ్ కదా కొడుకా?"

సామేలు గడియారం చూశాడు. రెండూ ఇరవై. నాలుగింటికి అతను కోర్టులో ఉండాలి. నాలుగింటికే వాళ్ళు ఇక్కడికి వస్తారు. ఆమెకు ఏ జవాబు చెప్పినా అది అబద్ధమో శిక్షో అవుతుంది. హెలెన్‌కు ఫోను చేశాడు. "మేడమ్, డాక్టరు చీటీలు, పర్మిటు పట్టుకొని గీడికి రండి. నేను వచ్చేదాక గడపల కూసోండి. ఎవరొచ్చినా లేవొద్దు." ఆమె ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఆ బస్తీలో, ఆ రోజుల్లో, ఆ యాస మనిషి ఒంటరిగా వచ్చి కూర్చోవడమంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు.

అతను మూడు కాగితాలూ, బుచ్చిరాములు రాసిచ్చినదీ చొక్కాలో పెట్టుకుని, సందులోంచి బయటపడి బైకు కోర్టు వైపు తీశాడు.

ఇది చదివేవారికి ఒక మనవి. చట్టం కాగితాల్లో నిందితుడికి ఒక గడి ఉంది. సాక్షికి ఉంది, సరుకుకు ఉంది, సీలుకు ఉంది. రోగికి లేదు. గడి లేదు కాబట్టే ఆమెను దొరికిన గడిలో రాసేశారు. మా తహసీల్దారును, మా ఇన్‌స్పెక్టర్లను మీరు మరిచిపోయినా ఫర్వాలేదు. లచ్చవ్వ అనే ఆమెను మాత్రం గుర్తుపెట్టుకోండి. వయసు అరవై మూడు. ఇల్లు మాణికేశ్వర్ నగర్. ఆ మధ్యాహ్నం ఆమె అడిగిందల్లా, తిన్నది కడుపులో నిలిచే ఒక్క పూట.